ముక్కు సాక్ష్యం

చాలా ఏళ్లు నేనొక నమ్మకంతో బతికాను. మనిషికి ఒళ్లు ఒక బరువనీ, అసలు బతుకు తెర మీదే జరుగుతుందనీ, ఊరూ వీధీ వానా వాసనా చెమటా ఆ బతుక్కి అడ్డం పడేవేననీ నమ్మాను. నమ్మి ఊరుకోలేదు. నలుగురికీ చెప్పాను, వాదించాను, పేరు పెట్టుకుని రాశాను. ఆ నమ్మకంతో మా అమ్మ మాటను ఒక రాత్రి కొట్టిపారేశాను. అది ఎట్లా జరిగిందో, దాని వెనక ఎంత తెలివితక్కువతనం ఉందో చెప్పుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆ నమ్మకానికి తగ్గ మాట కూడా నాకు దొరికింది. మీట్‌స్పేస్. నెట్‌లో ఎక్కువ కాలం గడిపేవాళ్లు బయటి ప్రపంచానికి పెట్టుకున్న పేర్లలో ఇదొకటి. కొందరు ఐఆర్ఎల్ అంటారు, నిజజీవితంలో అని. కొందరు ఏఎఫ్‌కే అంటారు, కీబోర్డు దగ్గర లేను అని. ఇప్పటి పిల్లలైతే నెట్‌లో ఎవరైనా అతిగా వాదిస్తే వెళ్లి గడ్డి ముట్టుకొమ్మంటున్నారు. వీటన్నిటిలోకీ మీట్‌స్పేస్ మొరటుది. మనుషులు మాంసంగా మసిలే చోటు అని దాని భావం. విలియం గిబ్సన్ 1984లో రాసిన ‘న్యూరోమాన్సర్’ నవలలో హ్యాకర్‌కి సొంత ఒళ్లంటే చులకన, దాన్ని మాంసమనే అనుకుంటాడు. ఆ చులకనే 1990ల్లో నెట్ జనం నోట ఈ మాటగా కుదురుకుంది. 1996 ఫిబ్రవరి 8న జాన్ పెరీ బార్లో అనే అమెరికన్ దావోస్‌లో కూర్చుని సైబర్‌స్పేస్ స్వాతంత్ర్య ప్రకటన రాశాడు. తమ లోకం శరీరాలుండే చోట లేదు గనక ప్రభుత్వాలకు అక్కడ పని లేదన్నది దాని సారం. ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆ ప్రకటనను ప్రింటు తీసి హాస్టల్ గోడకు అంటించుకున్నాను.

అమెరికాలో ఎవరో రాసుకున్న మాట పటాన్‌చెరు పిల్లవాడికి అంతగా ఎందుకు పట్టిందంటే, దానికి కారణం మా ఇంట్లోనే ఉంది.

మా బాపు ఒక బల్క్‌డ్రగ్ కంపెనీలో రియాక్టర్ ఆపరేటర్. మా దిక్కు ఫ్యాక్టరీ అనరు, కంపెనీ అంటారు. ఆయన ఏ షిఫ్టు దిగి వచ్చినా కంపెనీ వాసన ఆయన కన్నా ముందు ఇంట్లోకి వచ్చేది. అమ్మ ఆయన యూనిఫాం వేరే బకెట్‌లో నానబెట్టేది. మా బట్టలతో కలవనిచ్చేది కాదు. ఎన్ని నీళ్లు మార్చినా ఆ వాసన కాలరులో, చంకల దగ్గర కుట్లలో మిగిలిపోయేది. బడిలో నా పక్కన కూర్చున్న పిల్లవాడు ఒకసారి ముక్కు మూసుకుని జరిగి కూర్చున్నాడు. ఇంట్లో అందరి బట్టలూ ఒకే తీగ మీద ఆరేవి మరి. ఆ రోజు నుంచి నాకు మా ఇల్లంటే, మా వీధంటే, చివరికి మా బాపు ఒళ్లంటే కూడా సిగ్గు.

ఆయనకు మాత్రం ఆ వాసనలే విద్య. రాత్రి అన్నం తిన్నాక గడపలో నిలబడి గాలి పీల్చి, ‘ఇది టోలీన్’ అనేవాడు. ‘ఇది అమ్మోనియా కాదు, మెర్కాప్టాన్. బొల్లారం దిక్కు నుంచి కొడుతున్నది’ అనేవాడు. అమ్మ పక్కన నిలబడి తనూ పీల్చి అవునో కాదో చెప్పేది. చదువు లేని మా అమ్మ అట్లా ఆయన దగ్గర పది పన్నెండు సాల్వెంట్ల పేర్లు నేర్చుకుంది. నేను లోపల పుస్తకం ముందు పెట్టుకుని, ఇక్కడి నుంచి ఎప్పుడు బయటపడతానా అని చూసేవాణ్ని.

లింగంపల్లిలో నెట్ సెంటర్‌కి వెళ్లడం మొదలుపెట్టాక నాకు దారి దొరికిందనిపించింది. అక్కడ తెర ముందు కూర్చుంటే నాకు ఊరు లేదు, వాసన లేదు, బాపు కంపెనీ లేదు. నా ఇష్టం వచ్చిన పేరు, నా ఇష్టం వచ్చిన మాట. ఆ స్వేచ్ఛ అబద్ధమని ఇప్పుడు కూడా అనను. ఒంటిని బట్టి, ఇంటిని బట్టి చిన్నచూపు చూసే దేశంలో అవి కనిపించని చోటు ఒకటి దొరకడం తక్కువ సంగతి కాదు. నా తప్పు ఆ చోటును ప్రేమించడం కాదు. అక్కడ కనిపించనివి లెక్కలోనివే కావని తేల్చుకోవడం నా తప్పు.

చదువు అయిపోయింది, మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది, కొండాపూర్‌లో ఇల్లు తీసుకున్నాను. పటాన్‌చెరు ఎంతో దూరం కాదు. ట్రాఫిక్ లేకపోతే గంట కూడా పట్టదు. అయినా వెళ్లేవాణ్ని కాదు. బాపు పోయాక అమ్మ ఒంటరిదైంది. నాతో రమ్మంటే రాలేదు. అప్పుడు నేను గొప్పగా ఆలోచించాననుకుని ఇంటికి కెమెరాలు పెట్టించాను. గేటు మీద ఒకటి, ముందు గదిలో ఒకటి. ఫోన్‌లో యాప్ తెరిస్తే అమ్మ కనిపించేది. తులసి దగ్గర దీపం పెట్టడం, కూరగాయలు తరగడం, టీవీ ముందు కునుకు తీయడం అన్నీ చూసేవాణ్ని. చూస్తున్నాను గనక దగ్గరే ఉన్నాననుకున్నాను. ఆఫీసులో స్నేహితులకు ఆ యాప్ తెరిచి చూపించేవాణ్ని కూడా. మా సంగారెడ్డి జిల్లా నుంచి కొడుకులు హైదరాబాద్‌కో అమెరికాకో పోయిన ఇళ్లలో ఇప్పుడు ఇట్లాంటి కెమెరా లేని గేటు తక్కువ.

2019 చలికాలం. అర్ధరాత్రి దాటాక అమ్మ ఫోన్ చేసింది.

‘వాసనొస్తుంది బిడ్డా. మస్తు కొడుతుంది. కండ్లు మండుతున్నయ్, గొంతు పట్టేసింది.’

నేను నిద్ర పోలేదు. ఎవరితోనో ఏదో వాదనలో ఉన్నాను, అది ఏ విషయమో ఇప్పుడు గుర్తు కూడా లేదు. ముందు కెమెరా తెరిచాను. గేటు బయట వీధి దీపం కింద రోడ్డు ఖాళీగా, శుభ్రంగా ఉంది. పొగ లేదు, మంచు లేదు. ముందు గదిలో అమ్మ మంచం మీద కూర్చుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉంది, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. తర్వాత గాలి నాణ్యత చూపించే యాప్ తెరిచాను. మాకు దగ్గర్లో ఉన్న స్టేషన్ దగ్గర 84 ఉంది. పక్కన ఆకుపచ్చ రంగు.

‘అమ్మా, ఫోన్ల చూస్తున్న. గాలి మంచిగనే ఉన్నది. ఎనబై నాలుగు చూపిస్తుంది.’

‘ఎనబై నాలుగంటే?’

‘మంచిదన్నట్టే. నీకు అలవాటై అట్ల అనిపిస్తుంది. కిటికీలు పెట్టుకొని పండుకో.’

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘అట్లనా, సరే బిడ్డా, నువ్వు పండుకో’ అని పెట్టేసింది.

కెమెరాలో ఆమె లేచి లోపలికి వెళ్లడం చూశాను. నేను మళ్లీ నా వాదనలోకి వెళ్లిపోయాను. మా బాపు పక్కన నిలబడి వాసనలు గుర్తుపట్టడం నేర్చుకున్న మనిషికి నేను వాసన గురించి చెప్పాను. తన కళ్లు మండుతున్నాయని చెప్పిన తల్లికి అది అలవాటు వల్ల అని చెప్పాను. ఆకుపచ్చ రంగు చూసి చెప్పాను.

ఆ తర్వాత అమ్మ వాసన గురించి నాకు ఫోన్ చేయలేదు. చలికాలం గడిచింది. ఫోన్ రాలేదు గనక అంతా బాగుందనుకున్నాను.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. నేను ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని, నేను ఇన్నాళ్లూ చెప్పింది నిజమైందని సంబరపడ్డాను. అంత దుఃఖకాలంలో సంబరపడ్డానని రాయడానికి నా చెయ్యి ఇప్పుడు వెనకాడుతోంది, కానీ అది నిజం. మీట్‌స్పేస్ ఇక మనకు ఐచ్ఛికమేనని ఒక పెద్ద వ్యాసం రాశాను. ఆఫీసులు తెర మీదికి వచ్చాయి, బడులు వచ్చాయి, పెళ్లిళ్లు వచ్చాయి, ఇంకేం మిగిలింది అని అడిగాను. మా ఊరి ఇక్రిశాట్‌ను కూడా ఉదాహరణకు వాడుకున్నాను. 1972లో పెట్టిన ఆ సంస్థ జన్యు బ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ లాంటి పంటల నమూనాలు 1,20,000కు పైగా ఉన్నాయి. వాటి వివరాలన్నీ కంప్యూటర్‌లో ఉన్నాయి, విత్తనం కూడా సమాచారమైపోయింది చూడండి అని రాశాను.

మా వీధిలోనే ఇక్రిశాట్ పొలాల్లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు. నా వ్యాసం మా బావ చూపిస్తే చదివి, తర్వాత నేను కలిసినప్పుడు మెల్లగా చెప్పాడు. ‘విత్తనం చల్లగ పెడితే చానా ఏండ్లు ఉంటది గని, ఎప్పటికీ ఉండదు సారూ. మొలకశాతం పడిపోతే మళ్ల మట్టిల ఎయ్యాలె. పండించి, కోసి, ఎండబెట్టి కొత్త గింజ తియ్యాలె. మేం చేసింది ఆ పనే.’ ఆయన వేళ్లు వంకర్లు పోయి ఉన్నాయి. నా వ్యాసంలో ఆ వేళ్లు లేవు.

నేను ఆ వ్యాసం రాసిన రోజుల్లోనే మా అమ్మ ఇంటి నుంచి సంగారెడ్డి పోయే దారిలో, కందిలో, ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్‌ కట్టడానికి వచ్చిన వలస కార్మికులు ఇరుక్కుపోయి ఉన్నారు. జార్ఖండ్, బిహార్ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్లు. పని ఆగింది, కూలి డబ్బు చేతికి రాలేదు, ఇంటికి పోయే దారి లేదు. ఏప్రిల్ 29న వాళ్లు రోడ్డెక్కారు. పోలీసులతో గొడవైంది. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దాదాపు 1,200 మందితో ఒక రైలు కదిలింది. లాక్‌డౌన్ మొదలయ్యాక వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన మొదటి రైలు అదే. నేను నెట్ సెంటర్‌కి వెళ్లి ఒళ్లు మరిచిపోయిన అదే లింగంపల్లి నుంచి, కేవలం తమ ఒంటిని ఇంటికి చేర్చుకోవడానికి వాళ్లు అన్ని రోజులు కొట్లాడవలసి వచ్చింది. ఆ వార్త నేను ఫోన్‌లో చదివాను, పక్కకు తోశాను. ఒక్క లైను కూడా నా వ్యాసంలో మార్చలేదు.

మా బావ పాశమైలారంలో ఒక కంపెనీలో చేస్తాడు. మందుల కంపెనీలకు లాక్‌డౌన్ నుంచి మినహాయింపు ఉండడంతో ఆయన రోజూ షిఫ్టుకు పోతూనే ఉన్నాడు. మే నెలలో సడలింపులు వచ్చాక అక్క ఫోన్ చేసి, అమ్మకు దగ్గు తగ్గడం లేదు, నువ్వొచ్చి కొన్నాళ్లుండు, మా ఇంటికైతే వద్దంటుంది అంది. ఆ రోజుల్లో దగ్గు అంటే అందరికీ భయమే. వెళ్లాను. పరీక్ష చేయిస్తే కొవిడ్ కాదని తేలింది.

మొదటి రెండు రాత్రులు ఏమీ లేదు. ఆ తర్వాత ఒక రాత్రి వాన పడి వెలిసింది. ఒంటిగంట దాటాక ఏదో చప్పుడైతే మెలకువ వచ్చింది. అమ్మ లైటు వేయకుండా ఇంట్లో తిరుగుతోంది. స్నానాల గదిలో బకెట్‌లో పాత చీర పేలికలు నానేసి ఉన్నాయి. ఒక్కొక్కటీ పిండి, నిలువునా మూడు మడతలు పెట్టి, తలుపు కింద సందులో పరిచి, చెంచా కాడతో లోపలికి నొక్కుతోంది. ఒక మూల నుంచి మొదలుపెట్టి రెండో మూల దాకా, ఎక్కడా వెలితి లేకుండా. తర్వాత వంటింటి కిటికీ. తర్వాత నేను పడుకున్న గది కిటికీ. కిటికీ రెక్కల మధ్య పెట్టే పేలిక వేరే, సన్నగా చించింది. దేని కొలత దానికుంది. ఇది కొత్తగా చేస్తున్న పని కాదని చూడగానే తెలిసింది.

అప్పుడు నాకు వాసన తగిలింది. మొదట తీపిగా ఉంది, అంత భయపెట్టలేదు. రెండు మూడు సార్లు పీల్చాక గొంతు వెనక మంట మొదలైంది. నాలుక మీద ఇనుము రుచి. కళ్లు వాటంతటవే నీళ్లు పెట్టుకున్నాయి. నుదురు బిగిసింది. నేను చిన్నప్పుడు పీల్చిన గాలే అది. పెద్దయ్యాక పీల్చలేదు, అంతే. చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వెళ్లింది. యాప్ తెరిచాను. వాన పడిన రాత్రి గనక అంకె ఇంకా తగ్గి ఉంది. ఆకుపచ్చ.

‘ఇట్ల ఎన్ని రోజుల నుంచి? నాకెందుకు చెప్పలేదమ్మా?’ అన్నాను.

‘చెప్పిన గద బిడ్డా. మంచిగనే ఉన్నదంటివి’ అంది.

దెప్పుతున్నట్టు అనలేదు. జరిగింది చెప్పింది.

ఆ యాప్ నన్ను మోసం చేయలేదు. అది తాను చూపించేదే చూపించింది. చదవడం రానిది నాకు. మన దేశంలో గాలి నాణ్యత సూచీని 2015 ఏప్రిల్ 6న ప్రారంభించారు. ఎనిమిది కాలుష్యకాలను బట్టి అది లెక్క కడుతుంది: సన్న ధూళి రెండు రకాలు, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. వాహనాల పొగకూ దుమ్ముకూ అది పనికొచ్చే లెక్క. మా బాపు గడపలో నిలబడి పేర్లు చెప్పిన టోలీన్, మెర్కాప్టాన్ ఆ ఎనిమిదిలో లేవు. పైగా ధూళి లాంటి వాటికి 24 గంటల సగటు తీస్తారు. అర్ధరాత్రి గంటసేపు వచ్చి పోయే గాలి ఆ సగటులో ఆనదు. చలికాలం రాత్రుల్లో నేల దగ్గర గాలి చల్లబడి పైకి లేవదు, వదిలిన వాయువు ఇళ్ల మధ్యే నిలిచిపోతుంది. ఇక్రిశాట్‌లో, పాశమైలారంలో, బొల్లారంలో గాలిని కొలిచే స్టేషన్లున్నాయి, ఉండాల్సిందే. కానీ మా అమ్మ ముక్కు కొలిచింది వేరే. నాకు అంకె ఉంది గనక ఆమె చెప్పింది భ్రమ అనుకున్నాను. కొలవనిది లేనట్టే అనుకోవడం కంప్యూటర్ చదువు చదివిన నాకు రాకూడని పొరపాటు.

ఆ తర్వాత మా ఊరి చరిత్ర చదవడం మొదలుపెట్టాను. సిగ్గుపడి వదిలేసిన ఊరు గనక అప్పటిదాకా నాకు తెలియదు. 1970ల్లో మొదలైన పారిశ్రామికవాడ 1980లో ఇందిరాగాంధీ మెదక్ ఎంపీ అయ్యాక ఊపందుకుంది. కంపెనీల నీళ్లు నక్కవాగులోకి, అక్కడి నుంచి మంజీరలోకి చేరాయి. ముందు తెలిసింది ఎవరికంటే వాగు నీళ్లు తాగిన బర్రెలకు, ఆ నీళ్లు పారించిన వరి మళ్లకు, మడిలో దిగిన రైతుల కాళ్లకు. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు దగ్గరికి ఆ కాళ్లే వచ్చాయి. తన దగ్గరికి వచ్చే రోగుల చర్మం, దగ్గు చూసి ఆయన వాగు దాకా వెళ్లాడు. అక్కడి నుంచి దశాబ్దాలు పోరాడాడు. 1990లో విషయం సుప్రీంకోర్టుకు చేరింది, పంట పోయిన రైతులకు పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పింది. 2004లో గ్రీన్‌పీస్ మెదక్ పల్లెల ఆరోగ్యం మీద నివేదిక తెచ్చింది.

ప్రపంచం విన్నది మాత్రం 2007లో. స్వీడన్‌కు చెందిన యోకిమ్ లార్సన్ బృందం, దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలాలు చేరే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లను పరీక్షించింది. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఒక్క రోజులో బయటికి పోతున్నది 45 కిలోలని లెక్క తేల్చారు, స్వీడన్ దేశమంతా అయిదు రోజుల్లో వాడేంత. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారంకు 70.07 మార్కులిచ్చి తీవ్ర కలుషిత ప్రాంతాల జాబితాలో చేర్చింది. 70 దాటితే ఆ జాబితా.

ఈ అంకెలను నేను తక్కువ చేయడం లేదు. అవి లేకపోతే మా ఊరి బాధ స్వీడన్ దాకా పోయేది కాదు. కానీ ఆ 31 మిల్లీగ్రాములు కూడా ఎవరో కాలువ దగ్గర వంగి సీసాలో నీళ్లు పట్టుకుంటేనే వచ్చాయి. ఆ సీసా కన్నా ఇరవై ఏళ్ల ముందే రైతుల కాళ్లు చెప్పాయి. మా ఊళ్లో రుజువైనదేదైనా ముందు ఎవరో ఒకరి ఒంట్లో రుజువైంది. అంకె ఆ తర్వాత వచ్చింది. నేను ఆ వరసను తిరగేసి, అంకె వచ్చేదాకా ఒళ్లు నోరు మూసుకోవాలన్నాను, అదీ కన్నతల్లితో.

ఇక్కడ ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే తెర పాపిష్టిదనీ ఊరు పవిత్రమనీ నేను అంటున్నట్టవుతుంది. 2025 జూన్ 30 ఉదయం తొమ్మిదిన్నర ప్రాంతంలో పాశమైలారంలో ఒక కంపెనీలో పేలుడు జరిగింది. మా బావ చేసేది అక్కడ కాదు, అదే వాడలో ఇంకో కంపెనీ. అది మాకు ఇప్పుడు తెలుసు, కానీ ఆ గంటలో ఏ కంపెనీ అన్నది ఎవరికీ సరిగా తెలియదు. బావ ఫోన్ కలవడం లేదు. నేను వాట్సాప్ తెరిచి ఆయన పేరు కింద లాస్ట్ సీన్ చూస్తూ కూర్చున్నాను. అది పేలుడుకు ముందుదే. మళ్లీ మళ్లీ చూశాను. చాలాసేపటికి ఆ పేరు కింద ‘ఆన్‌లైన్’ అని పడింది. ఆ ఒక్క మాట చూసి అక్క నేల మీద కూలబడి ఏడ్చింది. ఆ క్షణంలో తెర మీది ఆ మాట మా బావ ఊపిరి. దాన్ని ఇంకో లోకం అని ఎవరంటారు?

మా అక్కకు పడినట్టు ఎన్నో ఇళ్లలో ఆ మాట పడలేదు. నలభైకి పైగా కార్మికులు పోయారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చిన పిల్లలు. గుర్తుపట్టడానికి వీల్లేక డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. కన్నవాళ్లు ఫోన్లలో కొడుకుల ఫొటోలు పట్టుకుని రక్తం ఇచ్చి రోజుల తరబడి ఎదురు చూశారు. నేను సరదాగా పలికిన ఆ మొరటు మాట ఆ రోజు నుంచి నా నోట రాలేదు, ఈ వ్యాసంలో తప్ప.

2009లో స్టాక్‌హోమ్‌లో పైరేట్ బే అనే ఫైల్ షేరింగ్ సైటు కేసు విచారణలో పీటర్ సుండే అనే యువకుడు ఐఆర్ఎల్ అనే మాట తాము వాడమనీ, నెట్ కూడా నిజమే గనక ఏఎఫ్‌కే అంటామనీ కోర్టులో చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు నాకు నచ్చింది, నా పక్షమే అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే అది నా మీదే తీర్పు. రెండూ నిజమైతే ఒకదాన్ని మాంసమని తోసేసే హక్కు నాకెక్కడిది? అమ్మ ఆ రాత్రి నాకు ఫోన్‌లోనే చెప్పింది. ఆమె మాట తెర మీదికి వచ్చింది. తెరలో ఉన్నవాణ్ని నేనే దాన్ని లోపలికి రానీయలేదు.

బార్లో సంగతి కూడా నాకు సగమే తెలుసు. ఆయన వ్యోమింగ్ రాష్ట్రంలో చాలా ఏళ్లు పశువుల పెంపకం చేసిన మనిషి. స్వాతంత్ర్య ప్రకటనకు ముందు ఏడాది, 1995లో ఇంకో వ్యాసం రాశాడు. అంతకు ముందు ఏడాదే ఆయన పెళ్లాడబోయే స్త్రీ హఠాత్తుగా చనిపోయింది. నెట్ ద్వారా ముక్కూ మొహం తెలియని వాళ్లెందరో ఆయన్ని ఓదార్చారు, దానికి ఆయన కృతజ్ఞత చెప్పుకున్నాడు. అదే వ్యాసంలో సైబర్‌స్పేస్‌లో ఏదో లోపించిందంటూ దాని పేరు కోసం వెతికి మన మాటనే పట్టుకున్నాడు: ప్రాణ. ఊపిరీ, చైతన్యమూ రెండూ కలిసిన అర్థంలో. గోడకు అంటించుకున్నది చదివాను, ఇది చదవలేదు. చదివినా అప్పటి నాకు అర్థమయ్యేది కాదేమో. ఊపిరి ఆడకపోవడం అంటే ఏమిటో మా ఇంట్లో తెలిసిన మనిషి అమ్మ, ఆమెను నేను అడగలేదు.

ఇప్పుడు పటాన్‌చెరులోనే ఉంటున్నాను. గేటు మీది కెమెరా తీయలేదు, అది దొంగల కోసం. గదిలోది తీసేశాను. అమ్మ చేత ఒక నోటుపుస్తకం మొదలుపెట్టించాను. ఆమె చెబుతుంది, నేను రాస్తాను: తేదీ, టైము, గాలి ఏ దిక్కు నుంచి, ఎట్లాంటి వాసన, ఎంతసేపు, ఒంట్లో ఎట్లా ఉంది. ఆమెకు పేరు తెలిస్తే పేరు, తెలియకపోతే మామూలు మాటల్లో. వీధిలో ఇంకో నాలుగిళ్ల వాళ్లు రాస్తున్నారు. వాళ్లలో ఇద్దరు బాపు లాగా రియాక్టర్ల మీద పనిచేసి దిగినవాళ్లు, వాళ్ల ముక్కులు మా అందరికన్నా నమ్మదగినవి. వాసన వచ్చిన రాత్రి ఫొటో తీసి గ్రూపులో పెడతాం, ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేస్తాం, ఇద్దరు బండి మీద గాలి వస్తున్న దిక్కుకు వెళ్లి నాలా దగ్గర చూసి వస్తారు. అధికారులు వచ్చేసరికి వాసన పోతే టైముతో సహా రాసిన పుస్తకం చూపిస్తాం. పక్క కాలనీ కుర్రాడొకడు సాల్వెంట్లను పట్టే సెన్సారు తెప్పిస్తానంటున్నాడు. తెప్పించమన్నాను. దాన్ని మా మేడ మీదే పెట్టమంది అమ్మ. అది కూత పెట్టిన టైమూ, తనకు మెలకువ వచ్చిన టైమూ పక్కపక్కన రాయాలని షరతు పెట్టింది.

ఈ చలికాలం రెండు పుస్తకాలు నిండాయి. జిరాక్స్ తీసి ఫిర్యాదుకు జత చేస్తున్నాం. అమీన్‌పూర్ దిక్కు వాళ్లు కూడా మొదలుపెడితే, ఒకే రాత్రి ఎక్కడ ముందు వచ్చింది, ఎక్కడికి ఎప్పుడు చేరింది అన్నది మ్యాపు మీద గీయొచ్చు. ఆ మ్యాపు నేను చేస్తాను, ఆ పని నాకొచ్చు.